సూది మొనపై సొగసు

ముడత పోవాలా... ఒక సూది. బుగ్గ నిండాలా... ఇంకో సూది. ఛాయ తేలాలా... వారానికో సూది! కత్తి గాటు లేకుండా, కుట్టు పడకుండా, ఆఫీసుకు సెలవు పెట్టకుండా వయసును వెనక్కి నడిపిస్తామంటున్నాయి క్లినిక్‌లు. ఇంతకీ ఆ సూదుల్లో ఏముంది? ఏది మందు... ఏది మాయ?

పెళ్లికి మూడు నెలల ముందే ఇంట్లో పనుల జాబితా తయారవుతుంది. కల్యాణ మండపం, వంటవాళ్లు, పట్టుచీరలు, ఫొటోలు, వీడియోలు... ఈమధ్య ఆ జాబితాలోకి మరో పద్దు వచ్చి చేరింది. అదే స్కిన్ క్లినిక్! ఒకప్పుడు నలుగు పెట్టి, సున్నిపిండితో రుద్ది, ఇంత పసుపు రాసి అమ్మాయిని పీటల మీద కూర్చోబెట్టేవారు. ఇప్పుడు పెళ్లికూతురికి 'గ్లో డ్రిప్', తల్లికి బొటాక్స్, తండ్రికి బట్టతల మీద పీఆర్‌పీ... ఇంటిల్లిపాదికీ ప్యాకేజీలున్నాయి.

ఒకనాడు ఇదంతా సినిమావాళ్ల వ్యవహారం. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ దాటి వచ్చేది కాదు. ఇవాళ జిల్లా కేంద్రాల్లోనూ బోర్డులు కనిపిస్తున్నాయి. వాటిలో అర్హులైన చర్మవైద్యులు నడిపేవి ఉన్నాయి. బ్యూటీపార్లర్ వెనక గదిలో తెర కట్టి నడిపేవీ ఉన్నాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తుంటాయి. తేడా తెలియాలంటే ముందు ఆ సూదుల కథ తెలియాలి.

విషమే... విరుగుడు!

బొటాక్స్ కథ అందంతో మొదలు కాలేదు, చావుతో మొదలైంది. రెండు వందల ఏళ్ల కిందట జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతంలో సరిగ్గా నిల్వ చేయని సాసేజ్‌లు తిని జనం చనిపోయేవారు. రెప్పలు వాలిపోయేవి, మాట ముద్దయ్యేది, ఊపిరి ఆగిపోయేది. జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు ఆ సంగతేమిటో తేల్చాలనుకున్నాడు. ఆయన కవి కూడా. చెడిన సాసేజ్‌ల నుంచి తీసిన సారాన్ని జంతువుల మీదే కాదు, తన మీదా ప్రయోగించుకున్నాడు. నరాల నుంచి కండరాలకు వెళ్లాల్సిన సందేశాన్ని ఈ విషం అడ్డుకుంటోందని 1820లలోనే గ్రహించాడు. అదుపు తప్పి కదిలే కండరాలకు దీన్నే చిన్న మోతాదులో మందుగా వాడొచ్చేమోనని కూడా రాశాడు. లాటిన్‌లో సాసేజ్‌ను 'బోట్యులస్' అంటారు. జబ్బుకు బోట్యులిజం అన్న పేరు అలా వచ్చింది.

1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే ఊళ్లో ఒక అంత్యక్రియలకు వచ్చిన బ్యాండు మేళంవాళ్లు పందిమాంసం తిని జబ్బుపడ్డారు. ముగ్గురు చనిపోయారు. ఆ మాంసం నుంచే ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియాను పట్టుకున్నాడు.

కెర్నర్ ఊహ నిజం కావడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో కంటివైద్యుడు అలన్ స్కాట్ మెల్లకన్నును ఆపరేషన్ లేకుండా సరిచేసే దారి వెతుకుతున్నాడు. కనుగుడ్డును పక్కకు లాగుతున్న కండరాన్ని కాస్త సడలించగలిగితే చాలు. 1970లలో కోతుల మీద, ఆ తర్వాత మనుషుల మీద ఈ విషాన్ని అతి స్వల్ప మోతాదులో వాడి చూశాడు. పనిచేసింది! మెల్లకన్నుకూ, రెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బుకూ వాడేందుకు 1989లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది.

మరి ముడతల దగ్గరికి ఎలా వచ్చింది? అది కెనడాలోని వాంకోవర్‌లో జరిగిన ముచ్చట. రెప్పల జబ్బుకు ఇంజక్షన్లు తీసుకుంటున్న ఒకామె 1987లో కంటివైద్యురాలు జీన్ కారుథర్స్‌తో గొడవ పెట్టుకుంది. 'ఈసారి కనుబొమల మధ్య ఎందుకు పొడవలేదు?' అని. అక్కడ బిగుసుకోలేదు కదా అన్నారు డాక్టర్. అక్కడ పొడిస్తే తన మొహం ఎంతో ప్రశాంతంగా కనిపిస్తోందని ఆమె జవాబు. జీన్ భర్త అలస్టెయిర్ చర్మవైద్యుడు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ గీతలు పోగొట్టమని అడిగేవాళ్లే. భార్యాభర్తలిద్దరూ కలిసి మొదట తమ రిసెప్షనిస్టుకే ఇంజక్షన్ చేశారు. 1992లో ఫలితాలు ప్రచురించారు. కనుబొమల మధ్య గీతలకు వాడేందుకు 2002లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే.

నాలుగు నెలల ముచ్చట

కోపం వస్తే కనుబొమలు ముడిపడతాయి. ఆశ్చర్యపోతే నుదురు ముడతపడుతుంది. నవ్వితే కళ్ల చివర కాకి కాలిగుర్తుల్లా గీతలు లేస్తాయి. కుర్రతనంలో అవి వచ్చినట్టే వచ్చి పోతాయి. రోజూ మడతపెట్టే కాగితం మీద గీత నిలిచిపోయినట్టు, వయసు పెరిగేకొద్దీ చర్మం మీద కూడా నిలిచిపోతాయి. బొటాక్స్ చేసేదల్లా ఆ మడత పెట్టే కండరానికి కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వడమే. నరం చివర అసిటైల్‌కొలీన్ అనే రసాయనం విడుదల కాకుండా ఆపుతుంది. దాంతో కండరం ముడుచుకోదు.

మందు ఎక్కువేమీ పట్టదు. కనుబొమల మధ్య గీతలకు బొటాక్స్ లేబుల్ చెప్పే మోతాదు 20 యూనిట్లు. దాన్ని ఐదు చోట్ల పంచి ఇస్తారు. 100 యూనిట్ల సీసాలో ఉండే విషం ఏ ఐదు నానోగ్రాములో! నానోగ్రామంటే గ్రాములో వందకోట్ల వంతు. నాలుగైదు రోజుల్లో ప్రభావం మొదలవుతుంది. రెండు వారాలకు పూర్తిగా తెలుస్తుంది. మూణ్నాలుగు నెలలకు నరాలు మళ్లీ పని మొదలుపెడతాయి, గీతలు తిరిగి వస్తాయి. అంటే ఇది ఒకసారి చేయించుకుని మరిచిపోయే చికిత్స కాదు. నెలనెలా కట్టే చిట్టీలాగా ఏటా ఖర్చు రాసిపెట్టుకోవాల్సిందే.

మోతాదు మించినా, చోటు తప్పినా రెప్ప వాలిపోవచ్చు, నవ్వు వంకర తిరగొచ్చు. ఇవి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. అయితే గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్థీనియా గ్రేవిస్ లాంటి నరాలూ కండరాల జబ్బులున్నవాళ్లు దీని జోలికి పోకూడదు. అన్నట్టు బొటాక్స్ ఒట్టి సొగసు మందే కాదు. తీరని మైగ్రేన్‌కూ, చంకల్లో ధారగా కారే చెమటకూ, పక్షవాతం తర్వాత బిగుసుకుపోయే చేతులకూ డాక్టర్లు వాడుతున్నారు.

బుగ్గలు నింపే జెల్

వయసుతో వచ్చేవి గీతలే కాదు. బుగ్గలు లోపలికి పోతాయి, కళ్లకింద గుంటలు పడతాయి, ముక్కు పక్కనుంచి నోటి దాకా కాలవ దిగుతుంది. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొలాజెన్ తరిగిపోవడం ఒక కారణం. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయిన తొలి ఐదేళ్లలోనే సుమారు 30 శాతం కొలాజెన్ పోతుందని అంచనా. కింద ఉండే కొవ్వు, ఎముక తగ్గడం మరో కారణం. ఇక్కడ బొటాక్స్ పనిచేయదు. ఖాళీని నింపాలి. అందుకే 'ఫిల్లర్లు'.

ఈ ఆలోచన పాతదే. 1899లో వియన్నా సర్జన్ రాబర్ట్ గెర్సునీ వేజలిన్ లాంటి పారాఫిన్ పదార్థాన్ని చర్మం కింద ఎక్కించి చూశాడు. మొదట్లో భేష్ అన్నారు. కొన్నేళ్లకు అది గడ్డకట్టి, జారి, పుండ్లు పడటం మొదలైంది. తర్వాతి కాలంలో ఇంగ్లండ్‌లో మార్ల్‌బరో డచెస్ అయిన గ్లాడిస్ డీకన్ ఆ రోజుల్లో పేరుమోసిన అందగత్తె. ముక్కు గ్రీకు శిల్పంలా ఉండాలని పారాఫిన్ ఎక్కించుకుంది. అది కాస్తా గడ్డం దాకా జారి మొహమే మారిపోయింది.

పారాఫిన్ పోయి సిలికాన్ ద్రవం వచ్చింది. దాన్ని ఒంటి ఆకృతి కోసం ఇంజక్షన్‌గా ఇవ్వడానికి ఎఫ్‌డీఏ ఏనాడూ ఒప్పుకోలేదు. 1981లో ఆవు కొలాజెన్ వచ్చింది. అలర్జీ వస్తుందేమోనని ముందు చేతి మీద పరీక్ష చేసి నెల రోజులు ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది హయలురోనిక్ యాసిడ్. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంట్లోని జిగురు ద్రవంలో కనిపెట్టిన పదార్థమిది. మన ఒంట్లోనూ ఉంటుంది, అందులో దాదాపు సగం చర్మంలోనే. నీటిని పట్టి ఉంచడం దీని గుణం. దీంతో తయారైన జెల్‌కు అమెరికాలో తొలిసారి అనుమతి వచ్చింది 2003లో.

చోటును బట్టి, జెల్ గట్టితనాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. దీనికున్న పెద్ద సుగుణం... నచ్చకపోతే కరిగించొచ్చు! హయలురోనిడేజ్ అనే ఎంజైమ్‌ను ఎక్కిస్తే జెల్ కరిగిపోతుంది. శాశ్వతంగా ఉంటుందంటూ ఎవరైనా ఫిల్లర్ అమ్మజూపితే ఆలోచించుకోవాల్సింది ఇక్కడే. ఫలితం శాశ్వతమైతే, పొరపాటూ శాశ్వతమే కదా!

కన్ను పోతే...

ఫిల్లర్లతో వాపు, కమిలిన మచ్చ మామూలే. వారంలో పోతాయి. డాక్టర్లు భయపడేది వేరే దానికి. ముఖం నిండా రక్తనాళాల వల ఉంటుంది. సూది మొన నాళంలో దిగి జెల్ అందులోకి పోతే రక్తం ఆగిపోతుంది. ఆ నాళం మీద ఆధారపడ్డ చర్మం నల్లబడి చచ్చిపోతుంది. కనుబొమల మధ్య, ముక్కు చుట్టూ ఉండే నాళాలకు కంటి రక్తనాళాలతో సంబంధం ఉంది. అక్కడ తేడా వస్తే చూపే పోవచ్చు. ఇలా జరగడం అరుదు. కానీ జరిగాక చూపు తిరిగి రావడం ఇంకా అరుదు. 2015లో ఎఫ్‌డీఏ ఈ ప్రమాదం గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది.

ఇంజక్షన్ చేస్తుండగానే లేదా కాసేపటికే భరించలేని నొప్పి, చర్మం పాలిపోవడం, వలలాగా నీలం చారలు, చూపు మసకబారడం... వీటిలో ఏది కనిపించినా 'రేపు చూద్దాం' అనుకోకూడదు. అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే. కరిగించే ఎంజైమ్ అదే గదిలో ఉండాలి, దాన్ని వాడటం తెలిసిన డాక్టర్ ఎదురుగా ఉండాలి. పార్లర్‌లో ఈ రెండూ దొరకవు.

మన నెత్తురే మనకు మందు

మూడోది పీఆర్‌పీ. మన చేతి నుంచే పది ఇరవై మిల్లీలీటర్ల రక్తం తీసి, యంత్రంలో గిరగిర తిప్పుతారు. ఎర్రకణాలు అడుగుకు చేరతాయి. పైన ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న పసుపుపచ్చ ద్రవం మిగులుతుంది. దాన్ని ముఖంలోనో తలలోనో సూదులతో ఎక్కిస్తారు. గాయాలు మానేందుకు ప్లేట్‌లెట్లు విడుదల చేసే పదార్థాలు చర్మాన్ని, జుట్టు కుదుళ్లను ఉత్తేజపరుస్తాయన్నది దీని వెనక ఆలోచన. జుట్టు విషయంలో కొన్ని అధ్యయనాలు ఆశాజనకంగా ఉన్నాయి. ముఖకాంతి విషయంలో ఆధారాలు అంతంతమాత్రమే.

సొంత రక్తమే కదా, భయమేముంది అనిపిస్తుంది. అమెరికాలోని న్యూమెక్సికోలో ఒక స్పా ఇలాగే పీఆర్‌పీ ఫేషియల్స్ చేసేది. 2018లో ఆరోగ్యశాఖ అధికారులు వెళ్లి చూస్తే పేర్లు రాయని రక్తం గొట్టాలు వంటగది ఫ్రిజ్‌లో తినే పదార్థాల పక్కన కనిపించాయి. కవర్ విప్పేసిన సిరంజీలు సొరుగుల్లో పడి ఉన్నాయి. అక్కడ చేయించుకున్న ముగ్గురు మహిళలకు హెచ్ఐవీ సోకిందని, ఆ సూదులే కారణమై ఉండొచ్చని 2024లో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రకటించింది. రక్తం మనదే. సూది ఎవరిదన్నదే ప్రశ్న!

తెల్లబరిచే బేరం

ఇక మన ఇళ్లలో ఎక్కువ చర్చకు వచ్చేది గ్లూటాథయోన్. 'పాలరాతి ఛాయ', 'కొరియన్ గ్లో', 'పెళ్లికూతురి డ్రిప్'... పేరేదైనా సెలైన్‌తోపాటు నరంలోకి ఎక్కించేది చాలాచోట్ల ఇదే. మూడు అమైనో ఆమ్లాల కలయిక ఇది. మన కాలేయం దీన్ని తనంతట తానే తయారు చేసుకుంటుంది. కణాలను కాపాడే మంచి పదార్థమే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని కొంత మందగింపజేస్తుందన్న ఆశతో తెల్లబరిచే ఇంజక్షన్‌గా మార్చేశారు.

మన దేశంలో ఈ ఇంజక్షన్ ఉన్నది కాలేయ జబ్బుల చికిత్స కోసం. రంగు మార్చడం కోసం కాదు. చర్మాన్ని తెల్లబరిచే ఇంజక్షన్ ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ స్పష్టంగా చెప్పింది. ఈ సూదులు విపరీతంగా వాడే ఫిలిప్పీన్స్‌లో అక్కడి ఎఫ్‌డీఏ కాలేయం, మూత్రపిండాలు, నరాల మీద దుష్ప్రభావాలుంటాయని, ఒళ్లంతా చర్మం ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ కూడా రావచ్చని హెచ్చరించింది.

అసలు పనిచేస్తుందా? పాకిస్థాన్ చర్మవైద్యులు 2016లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. ఒక బృందానికి గ్లూటాథయోన్, మరో బృందానికి ఒట్టి సెలైన్ ఎక్కించారు. చివరిదాకా మిగిలిన 16 మందిలో మందు ఫలితం కనిపించింది ఆరుగురికి. ఒట్టి సెలైన్‌తోనే ముగ్గురికి 'ఫలితం' కనిపించింది! ఆరు నెలలు గడిచేసరికి ఆ తెలుపు దాదాపు అందరిలోనూ పోయింది. మందు తీసుకున్నవారిలో సుమారు మూడోవంతు మందికి కాలేయ పరీక్షల్లో తేడా వచ్చింది. ఒకరికి ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ వచ్చింది. చిన్న అధ్యయనమే కావచ్చు. ఇంత చిన్న గుంపులోనే ఇంత నష్టం కనిపించిందన్నదే ఆలోచించాల్సిన సంగతి.

మెలనిన్ మనకు పట్టిన మకిలి కాదు. మన ఎండలకు ప్రకృతి ఇచ్చిన గొడుగు. ఆ గొడుగు లేకపోబట్టే తెల్లజాతివారిలో చర్మ క్యాన్సర్లు, తొందరగా వచ్చే ముడతలు ఎక్కువ.

నకిలీ సీసాలు

గిరాకీ ఉన్నచోట నకిలీ ఉంటుంది. 2004లో అమెరికాలోని ఫ్లోరిడాలో లైసెన్సు కోల్పోయిన ఒక డాక్టర్ ప్రయోగశాలల్లో వాడే ముడి విషాన్ని తెచ్చి పొడిచాడు. ఆయనతో సహా నలుగురు పక్షవాతంతో ఆసుపత్రిపాలయ్యారు. ఇరవై ఏళ్లు గడిచినా కథ మారలేదు. 2024లో అదే దేశంలో నకిలీ బొటాక్స్, అర్హతలేని చేతులు కలిసి 11 రాష్ట్రాల్లో 22 మందిని జబ్బుపడేలా చేశాయి. అందులో 11 మంది ఆసుపత్రుల్లో చేరారు. అంత గట్టి నిఘా ఉన్నచోటే ఇలా ఉంటే, 'సగం ధరకే' అన్న బోర్డు చూసినప్పుడు మనం ఎంత జాగ్రత్తపడాలి!

మన దగ్గరా నియమాలున్నాయి. సౌందర్య చికిత్సలు చేసేవారు రిజిస్టరైన, తగిన శిక్షణ పొందిన డాక్టర్లై ఉండాలని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. యూట్యూబ్‌లోనో వర్క్‌షాపులోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో అర్థం చేసుకోవచ్చు.

సూదికి ముందు అడగండి

* ఇంజక్షన్ చేసేదెవరు? డాక్టరేనా? చర్మవైద్యంలోనో ప్లాస్టిక్ సర్జరీలోనో ఎండీ, డీవీఎల్, ఎంసీహెచ్ లాంటి అర్హత ఉందా? రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగడం తప్పు కాదు, మన హక్కు.

* మందు పేరేమిటి? సీసా మన కళ్లముందే తెరవమనండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. 'మా సొంత ఫార్ములా' అంటే లేచి వచ్చేయండి.

* బొటాక్స్ అయితే ఎన్ని యూనిట్లు? నీళ్లు ఎక్కువ కలిపి అమ్మితే ధర తగ్గుతుంది, పనీ తగ్గుతుంది.

* ఫిల్లర్ అయితే కరిగించే ఎంజైమ్ అందుబాటులో ఉందా? రాత్రి ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

* వాడుతున్న మందులన్నీ చెప్పండి. రక్తం పలచబరిచే మాత్రలు, అలర్జీలు, గర్భం, పాత ఫిల్లర్లు... ఏదీ దాచొద్దు. డాక్టర్‌ను అడగకుండా గుండె మాత్రలు మానేయొద్దు.

* ముహూర్తం దగ్గర పెట్టుకుని మొదటిసారి ప్రయోగం వద్దు. వాపు, కమిలిన మచ్చ తగ్గడానికి, అవసరమైతే సరిదిద్దడానికి కనీసం నెల రోజులైనా ఉండాలి.

* ఆలోచించుకుని వస్తామంటే 'ఈరోజే ఆఫర్' అని తొందరపెడుతున్నారా? అయితే అది ఆసుపత్రి కాదు, దుకాణం.

అసలు శత్రువు పైనున్నాడు

28 ఏళ్లు లారీ నడిపిన ఒక అమెరికన్ డ్రైవర్ ఫొటోను 2012లో ఒక ప్రఖ్యాత వైద్య పత్రిక ప్రచురించింది. కిటికీ వైపు ఉన్న ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతోంది. కుడి చెంప పదేళ్లు చిన్నవాడి చెంపలా ఉంది. మనిషొకడే, వయసొకటే, తిండి ఒకటే. తేడా అద్దంలోంచి పడిన ఎండదే!

ఆస్ట్రేలియాలో 900 మందికిపైగా జనం మీద నాలుగున్నరేళ్లు జరిగిన పరిశోధన కూడా ఇదే చెప్పింది. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లలో చర్మం ముదరడం 24 శాతం తక్కువని 2013లో తేల్చారు. మోతాదు చూసి డాక్టర్ రాసిచ్చే ట్రెటినాయిన్ లాంటి రాత్రి క్రీములు చిన్న గీతల మీద పనిచేస్తాయని దశాబ్దాల ఆధారాలున్నాయి. గర్భిణులు మాత్రం వాడకూడదు. సిగరెట్ మానడం, కంటినిండా నిద్రపోవడం, బయటికెళితే గొడుగో టోపీయో పెట్టుకోవడం... వీటికి పెద్ద ఖర్చులేదు, ఆఫర్లూ ఉండవు. అందుకే ఎవరూ బోర్డు కట్టి చెప్పరు.

సరైన చేతుల్లో, సరైన మందుతో, సరైన అంచనాతో చేయించుకుంటే బొటాక్సూ ఫిల్లర్లూ తప్పేం కాదు. యాక్సిడెంట్‌లో చెంప గుంటపడ్డ కుర్రాడికీ, ఎప్పుడూ కోపంగా ఉన్నావేమని అందరూ అడుగుతుంటే నొచ్చుకునే టీచరమ్మకూ అవి మేలే చేస్తాయి. తమ మొహం గురించి తాము తీసుకున్న నిర్ణయమది. చామనఛాయ పిల్లకు సంబంధం కుదరదేమోనని పెద్దవాళ్లు కట్టించే ప్యాకేజీ అలాంటిది కాదు. అక్కడ చికిత్స కావాల్సింది అమ్మాయి చర్మానికి కాదు. పెళ్లిచూపులకు వచ్చి రంగు అడిగేవాళ్లకు 'మా అమ్మాయి రంగు ఇదే' అని చెప్పగలిగితే, ఆ ఇంటికి సూదితో పనిలేదు.